పుట్టుకే తరగతి: పాత గుంటూరు జిల్లా ఎరుకల స్త్రీలు – జైలు వర్గీకరణ చరిత్ర

వ్యాససంగ్రహం:

ఖైదీని జైలులో ఏ తరగతిలో ఉంచాలన్నది ఆమె చేసిన నేరాన్ని బట్టి, ఆమె నడవడిని బట్టి తేలుతుందని సాధారణంగా అనుకుంటాం. పల్నాడు, నరసరావుపేట, వినుకొండ, బాపట్ల తాలూకాలన్నీ ఒకే గుంటూరు జిల్లాగా ఉన్న కాలంలో ఎరుకల స్త్రీ విషయంలో ఈ క్రమం తలకిందులైంది. ఆమె తరగతి ముందే నిర్ణయమై ఉండేది. నేరం, విచారణ, శిక్ష ఆ తర్వాతి సంగతులు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం, స్టువర్టుపురం, సీతానగరం సెటిల్మెంట్లు, జైలు నిబంధనలలోని 'అలవాటుపడ్డ నేరస్థుడు' అనే నిర్వచనం, ఈ మూడింటి మధ్య ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2024లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెలుగులో ఆ సంబంధం నేటికీ ఎందుకు ముఖ్యమో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఎరుకల, నేరస్థ జాతుల చట్టం, స్టువర్టుపురం, సీతానగరం, అలవాటుపడ్డ నేరస్థులు, జైలు వర్గీకరణ, మాలపల్లి, విముక్త జాతులు, పల్నాడు.

ఉపోద్ఘాతం:

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రాల ధర్మాసనం ఒక తీర్పు వెలువరించింది. పాత్రికేయురాలు సుకన్యా శాంత వేసిన పిటిషను అది. జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం, గదులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని ఆ తీర్పు చెప్పింది. పత్రికలు ప్రధానంగా ఈ అంశాన్నే రాశాయి. ఊడ్చే పని ఒక కులానికి, వంట పని మరొక కులానికి అని ముద్రిత నిబంధనల్లోనే ఉండటం చదువరులను కలవరపెట్టింది. అది సహజమే.

అయితే ఆ తీర్పులో అంతగా చర్చకు రాని భాగం మరొకటి ఉంది. పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్ళు ఖైదీలను 'అలవాటుపడ్డ నేరస్థులు', 'సందర్భవశాన నేరం చేసినవారు' అని రెండుగా విడగొడతాయి. ఈ విభజనలో పుట్టుక ఎలా చొరబడిందో కోర్టు విడిగా పరిశీలించింది. మధ్యప్రదేశ్ నిబంధన ఒకటి విముక్త జాతికి చెందిన వ్యక్తిని, ప్రభుత్వ విచక్షణకు లోబడి, అలవాటుపడ్డ నేరస్థుడిగా పరిగణించవచ్చని చెప్పింది. పశ్చిమ బెంగాల్ నిబంధన మరీ విచిత్రం. ఖైదీల్లోంచి రాత్రి కాపలాదారును ఎంపిక చేసేటప్పుడు, తప్పించుకు పారిపోయే స్వభావం సహజంగా ఉన్న వర్గాలవారిని, ఉదాహరణకు సంచార తెగలవారిని, నియమించరాదని అది అంటుంది. జైలు భాషలో దీన్నే భద్రతా వర్గీకరణ అంటారు. ఎవరు పారిపోతారు, ఎవరిని ఎంత కట్టుదిట్టంగా ఉంచాలి, ఎవరిని గేటు బయట పనికి పంపవచ్చు అన్న లెక్క అది. ఆ లెక్కలో తెగ పేరు ఒక అంకెగా చేరింది.

ఇది బెంగాలుకో మధ్యప్రదేశ్‌కో పరిమితమైన చరిత్ర కాదు. ఈ లెక్క దక్షిణాదిలో ఎలా తయారైందో తెలుసుకోవాలంటే పాత గుంటూరు జిల్లా కన్నా మంచి క్షేత్రం దొరకదు. 1904లో ఏర్పడిన ఈ జిల్లాలో పడమట గురజాల కేంద్రంగా పల్నాడు తాలూకా, తూర్పున సముద్రం ఒడ్డున బాపట్ల తాలూకా, ఉత్తరాన కృష్ణ ఒడ్డున సీతానగరం, అన్నీ ఒకే కలెక్టరు, ఒకే పోలీసు సూపరింటెండెంటు పరిధిలో ఉండేవి. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు విడి జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. కాబట్టి ఈ వ్యాసంలో పల్నాటి సంగతి చెప్పడానికి బాపట్ల దాకా, కృష్ణ కరకట్ట దాకా వెళ్ళవలసి వస్తుంది. నాటి ఎరుకల కుటుంబాలు కూడా అలాగే వెళ్ళవలసి వచ్చింది.

ఎరుక చెప్పే స్త్రీ:

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఎరుకల స్త్రీ కొత్తది కాదు. యక్షగానాల్లో ఎరుకలసాని పాత్ర లేకపోతే కథ ముందుకు సాగదు. నాయిక విరహంతో వేగుతుంటే బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమె రావాలి, చేయి చూడాలి, నాయకుడు వస్తాడని చెప్పాలి. యక్షగానానికి మూలం కొరవంజి అని వాదించిన పండితులూ ఉన్నారు. ఎరుక అంటే తెలివి, జ్ఞానం. ఇతరులకు తెలియనిది తెలిసిన స్త్రీగా సాహిత్యం ఆమెను అంతఃపురం దాకా రానిచ్చింది.

బతుకులో ఆమె చేసిన పనులు ఇంతకన్నా విస్తృతం. ఎరుకలలో దబ్బ ఎరుకల వెదురు దబ్బలతో బుట్టలు, తట్టలు అల్లేవారు. కుంచె ఎరుకల నేతగాళ్ళకు కుంచెలు కట్టి ఇచ్చేవారు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల పేర్లు వారి వర్తకాన్ని చెబుతాయి. తీరంలోని ఉప్పును గాడిదల మీద, ఎడ్ల మీద వేసుకుని ఉప్పు పండని మెట్ట తాలూకాలకు తీసుకువెళ్ళి, అక్కడి ధాన్యానికి మార్చుకుని తిరిగి రావడం ఒక ఏడాది పొడవునా సాగే చక్రం. అందులో ఇంటింటికీ తిరిగి మారకం చేసేది స్త్రీలే. తట్టలు అమ్మేదీ, సోది చెప్పేదీ స్త్రీలే. అంటే ఊళ్ళోకి, ఇంటి వాకిట్లోకి వెళ్ళే హక్కు, దారి, భాష ఆమెకే ఉన్నాయి.

ఈ జీవికను ఏది దెబ్బతీసిందో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన గ్రంథంలో విపులంగా చూపారు. రైళ్ళు వచ్చి ఉప్పు రవాణాను లాక్కున్నాయి. ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధిపత్యం బిగించింది. 1876–78 కరవు పశువులను తినేసింది. 1882 మద్రాసు అటవీ చట్టం వెదురును, ఈతాకును, మేత బయళ్ళను ప్రభుత్వ సొత్తు చేసింది. పల్నాటికి ఈ చివరి దెబ్బ సంగతి బాగా తెలుసు. 1921–22లో పుల్లరి చెల్లించబోమని రైతులు ఎదురుతిరిగినది ఇదే అటవీ పాలన మీద. కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు తూటాలకు బలైనది ఆ పోరాటంలోనే. పశువులున్న రైతుకు పుల్లరి భారమైతే, అడవి వెదురు తప్ప పెట్టుబడి లేని బుట్టలల్లే స్త్రీకి ఆ చట్టం బతుకుదెరువునే నేరం చేసింది. రైతు పోరాటానికి పాటలు పుట్టాయి, విగ్రహాలు లేచాయి. బుట్టల స్త్రీ కథ పోలీసు రికార్డుల్లోకి వెళ్ళింది.

వర్తకం పోయిన తర్వాత కూడా ఆమె ఊళ్ళు తిరుగుతూనే ఉంది. ఆ తిరుగుడే ఇప్పుడు అనుమానానికి ఆధారం. సోది చెప్పే నెపంతో ఇళ్ళు గమనించి మగవాళ్ళకు సమాచారం అందిస్తుందని పోలీసు అధికారులు రాసుకున్నారు. యక్షగానంలో ఆమెకున్న గుణమే, అన్ని ఇళ్ళ సంగతీ తెలిసి ఉండటం, పోలీసు నివేదికలో నేర సాధనంగా మారింది.

పట్టికలో పేరు:

నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తర భారతానికి వచ్చింది. దాన్ని విస్తరించి 1911లో చేసిన మూడవ చట్టం మద్రాసు రాజధానికి వర్తించింది. 1924లో మరోసారి క్రోడీకరించారు. దాని పనితీరు సరళం. ఒక తెగను, ముఠాను, వర్గాన్ని నేరస్థ జాతిగా ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఆ ప్రకటన న్యాయమా కాదా అని ఏ కోర్టూ విచారించడానికి వీలులేదు. తర్వాత జిల్లా మేజిస్ట్రేటు పేర్ల పట్టిక తయారు చేయిస్తాడు, వేలిముద్రలు తీయిస్తాడు. పట్టికలో ఉన్నవారు నిర్ణీత వేళల్లో హాజరు వేయించుకోవాలి, చోటు మారితే తెలపాలి. మద్రాసు రాజధానిలో మొదటి వరుసలోనే 'దొంగ ఎరుకల' పేరుతో ఎరుకల సమూహాలు ఈ ప్రకటనలకు ఎక్కాయి.

శిక్షల విషయంలో ఈ చట్టం చేసిన పని ప్రత్యేకంగా గమనించాలి. ప్రకటిత జాతి సభ్యులు చట్టం షెడ్యూలులోని నేరాలకు రెండోసారి దోషులైతే, మినహాయింపుకు ప్రత్యేక కారణాలు లేకపోతే, ఏడేళ్ళకు తగ్గని శిక్ష. మూడోసారి అయితే యావజ్జీవ ప్రవాసం. పట్టికలోని మనిషి దొంగతనానికి పూనుకోబోతున్నట్టు అనుమానించదగిన పరిస్థితుల్లో కనిపిస్తే మూడేళ్ళ దాకా శిక్ష. ఒకే దొంగతనం, ఇద్దరు దోషులు. శిక్షలో తేడాకు కారణం తల్లిదండ్రులు ఎవరన్నది. శిక్ష పొడవు జైలులో తరగతిని కూడా నిర్ణయిస్తుంది కనుక ఈ తేడా కోర్టు హాలులో ఆగిపోలేదు.

చట్టం భాషలో స్త్రీ పురుష భేదం లేదు. 'సభ్యుడు' అంటే ఆ జాతిలో పుట్టిన ఎవరైనా. సెటిల్మెంటు నిబంధన ఇంకా విశాలమైనది. జాతిని, లేదా అందులో ఏ భాగాన్నైనా ప్రభుత్వం సెటిల్మెంటులో ఉంచవచ్చు. నిర్ణయం మనిషి మీద కాదు, గుంపు మీద. ఆ గుంపులో ఎన్నడూ కోర్టు మెట్లెక్కని భార్య ఉంది, ముసలి తల్లి ఉంది, పుట్టబోయే బిడ్డ ఉంది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పాఠశాలల్లో, సంస్కరణ కేంద్రాల్లో పెట్టే అధికారం కూడా చట్టం ఇచ్చింది. స్త్రీకి ఈ చట్టం కింద పడిన అతిపెద్ద శిక్ష ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఏ శిక్షాస్మృతిలోనూ అది శిక్షగా నమోదు కాలేదు.

స్టువర్టుపురం, సీతానగరం:

బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం పక్కన 1913–14లో స్టువర్టుపురం ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి, అంటే తెలుగువారు ముక్తిఫౌజు అని పిలుచుకున్న సంస్థకు అప్పగించారు. దాని భారతదేశ నాయకుడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్ అంతకు ముందు ఐ.సి.ఎస్. అధికారి. ఉద్యోగం వదిలి కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నవాడు. నేరాన్ని వైద్యంతో నయం చేసే రోగంగా చూసే సిద్ధాంతం ఒకటి ఆయన ప్రచారం చేశాడు. బెజవాడకు ఎదురుగా కృష్ణ దక్షిణపు ఒడ్డున సీతానగరం సెటిల్మెంటు కూడా ఇదే సంస్థ నడిపింది. స్టువర్టుపురంలో ముందు వ్యవసాయం అన్నారు. సీతానగరంలో పని రాయి కొట్టడం.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సెటిల్మెంట్ల మధ్యనే ఒక భద్రతా వర్గీకరణ కనిపిస్తుంది. భూమి ఇచ్చి కుదురుకోనిచ్చేది ఒకటి, కరకు పనితో కట్టడి చేసేది ఒకటి. ఆ రెండింటి మధ్య మనుషులను మార్చగల అధికారం నిర్వాహకుల చేతిలో ఉంది. భర్తకు ఏ చోటు పడితే భార్యకూ అదే చోటు. ఆమె సొంత నడవడికి ఆ లెక్కలో విలువ తక్కువ. పాసు లేకుండా బయటకు వెళ్ళరాదు. ఊళ్ళు తిరిగి తట్టలు అమ్మడం, సోది చెప్పడం దీనితో ముగిశాయి. ఇంటి ఆదాయంలో తన వంతు తాను సంపాదించుకున్న స్త్రీ కూలికి మాత్రమే పనికివచ్చేదిగా మిగిలింది.

ఆ కూలి ఎక్కడ దొరికిందన్నది కూడా చెప్పాలి. స్టువర్టుపురం భూములు అందరినీ పోషించలేకపోయాయి. చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పొగాకు కర్మాగారం ఉంది. ఆకు ఏరే, గ్రేడు చేసే పనికి స్త్రీల చేతులు కావాలి. సెటిల్మెంటు నుంచి ఆ చేతులు వెళ్ళాయి. సంస్కరణకు అవసరం అన్న క్రమశిక్షణ, కర్మాగారానికి అవసరమైన హాజరు, రెండూ ఒకే రిజిస్టరులో కలిసిపోయాయి. మీనా రాధాకృష్ణ పరిశోధనలో అత్యంత బలమైన భాగం ఇదే. నేరస్థ జాతి అన్న ముద్ర వెనుక చౌకగా దొరికే, పారిపోలేని శ్రామికుల అవసరం ఉందని ఆమె నిరూపించారు.

ముక్తిఫౌజు బడులు పెట్టింది, వైద్యం చేసింది, కొందరికి ఉపాధి చూపింది. వాటి వల్ల చదువుకున్న కుటుంబాలు స్టువర్టుపురంలో ఉన్నాయి. దాన్ని కాదనడం చరిత్రకు న్యాయం కాదు. కానీ బడికి వెళ్ళే బిడ్డ సాయంత్రం ఇంటికి వస్తుందా అన్నది తల్లి చేతిలో లేని చోటును బడి ఒక్కటే మంచిచోటుగా చేయలేదు.

జైలు గోడ లోపల:

1894 జైళ్ళ చట్టం స్త్రీలను పురుషుల నుంచి వేరుగా ఉంచాలని, విచారణలో ఉన్నవారిని శిక్షపడ్డవారి నుంచి వేరుగా ఉంచాలని 27వ సెక్షనులో చెప్పింది. మిగతా వర్గీకరణను ప్రభుత్వాలు చేసే నిబంధనలకు వదిలింది. అలవాటుపడ్డ నేరస్థుడు ఎవరన్నది ఈ నిబంధనల్లోనే నిర్వచించారు. పాత శిక్షలు ఒక కొలమానం. మంచి నడవడికి జామీను ఇవ్వలేక క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 110వ సెక్షను కింద జైలుకు వచ్చినవారు మరొక కొలమానం. నేరస్థ జాతి సభ్యత్వం ఇంకొక కొలమానం. మొదటిది చేసిన పని, రెండోది పోలీసుల అనుమానం, మూడోది పుట్టుక. ఒకే వాక్యంలో మూడూ 'లేదా'లతో కలిసి కూర్చున్నాయి. చట్టాల్లో 'లేదా' అన్న చిన్న మాట మోసే బరువు మన వ్యాకరణ గ్రంథాల్లో ఎక్కడా చెప్పలేదు.

1919–20లో దేశమంతా తిరిగి జైళ్ళను పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడు మద్రాసు ప్రభుత్వ అధికారి అలెగ్జాండర్ కార్డ్యూ. ఆ సంఘం సంస్కరణను జైలు లక్ష్యంగా చెప్పింది. అదే నివేదికలో నేరస్థ జాతుల సెటిల్మెంట్లను కూడా చర్చించింది. జైలు, సెటిల్మెంటు ఒకే యంత్రంలోని రెండు భాగాలని పాలకులకే స్పష్టంగా తెలుసు.

స్త్రీల విషయంలో ఒక చిక్కు ఉంది. స్త్రీ ఖైదీలు ఎప్పుడూ కొద్దిమందే. అందువల్ల 'స్త్రీల వార్డు' అన్న ఒక్క గోడే వర్గీకరణ అంతా అయిపోతుంది. తొలిసారి వచ్చిన పిల్ల, విచారణలో ఉన్న తల్లి, దీర్ఘశిక్ష పడ్డ ముసలామె ఒకే ఆవరణలో ఉంటారు. దీన్ని బట్టి వర్గీకరణ స్త్రీని తాకలేదని అనుకోకూడదు. గదిని పంచుకున్నా, క్షమాభిక్ష లెక్కలో, బయట పనిలో, విడుదల తర్వాత పోలీసుకు సమాచారం పంపడంలో తరగతి పనిచేస్తూనే ఉంటుంది. కంటికి గోడగా కనిపించని వర్గీకరణ కాగితం మీద ఉంటుంది.

దీనికి పక్కనే మరొక వర్గీకరణ మొదలైంది. జతీన్ దాస్ 1929 సెప్టెంబరులో నిరాహార దీక్షలో మరణించిన తర్వాత, 1930లో ప్రభుత్వం ఖైదీలకు ఏ, బీ, సీ తరగతులు పెట్టింది. పై తరగతికి అర్హత సామాజిక హోదా, చదువు, అలవాటుపడ్డ మెరుగైన జీవన విధానం. ఏ తరగతి కావాలంటే అలవాటుపడ్డ నేరస్థుడు కాకూడదు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో గుంటూరు నుంచి ఉన్నవ లక్ష్మీబాయమ్మ వంటి స్త్రీలు జైలుకు వెళ్ళారు. ఉప్పు చట్టాన్ని ధిక్కరించడం వారి నేరం. ఒకప్పుడు ఉప్పు మోసి బతికిన ఎరుకల స్త్రీలు అదే జిల్లాలో సెటిల్మెంటు పాసుల కింద ఉన్నారు. 'అలవాటు' అన్న ఒకే మాట ఒకరికి పరుపు ఇప్పించింది, మరొకరికి పట్టిక ఇచ్చింది. సత్యాగ్రహ స్త్రీల త్యాగాన్ని ఇది తగ్గించదు. జైలు చరిత్ర అంటే స్వాతంత్ర్యయోధుల జైలు చరిత్రేనన్న మన అలవాటును మాత్రం ప్రశ్నిస్తుంది.

పల్నాటి రచయితల సాక్ష్యం:

ఈ చరిత్రను తెలుగు సాహిత్యం గుర్తించలేదని అనలేం. నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో అరెస్టై రాయవెల్లూరు జైలులో మాలపల్లి రాశారు. ఆ నవలలో రామదాసు కుటుంబం సెటిల్మెంటు పాలవుతుంది. మాలలు ప్రకటిత నేరస్థ జాతి కారు. అయినా భూమి పోయి, కొడుకు తిరగబడిన ఒక నిరుపేద కుటుంబాన్ని ఆ వల ఎంత సులువుగా లాక్కోగలదో నవల చూపింది. మద్రాసు ప్రభుత్వం మాలపల్లిని నిషేధించింది. తరగతిలో ఈ నవల చెప్పేటప్పుడు హరిజన సమస్య, గాంధేయవాదం, సామ్యవాద ఛాయల గురించి గంటలు గంటలు మాట్లాడతాం. సెటిల్మెంటు ఘట్టాలను కథలో మలుపుగా దాటేస్తాం. రచయిత జైలులో కూర్చుని, తన జిల్లాలోనే నడుస్తున్న మరొక రకం జైలు గురించి రాస్తున్నాడన్న స్పృహతో ఆ ఘట్టాలను చదవవలసి ఉంది.

రెండో సాక్ష్యం వినుకొండలో పుట్టిన హేమలతా లవణం. మహాకవి జాషువా కుమార్తె. భర్త లవణంతో కలిసి 1970లలో స్టువర్టుపురంలో పనిచేశారు. 'నేరస్థుల సంస్కరణ' అన్న ఆమె పుస్తకం పేరులో పాత మాట ఉంది. పనిలో పాత పద్ధతి లేదు. ఆమె ముందుగా వెళ్ళింది ఇళ్ళలోకి, స్త్రీల దగ్గరికి. పోలీసు రికార్డు పురుషుడి చుట్టూ కుటుంబాన్ని అల్లితే, ఆమె స్త్రీ వైపు నుంచి కుటుంబాన్ని చూశారు. ఒక కులం పేరు మనిషిని ఎలా ముందుగానే తీర్పు చెబుతుందో ఇంట్లో విని పెరిగిన మనిషికి ఆ చూపు రావడంలో ఆశ్చర్యం లేదు.

చట్టం రద్దు, మాట మిగలడం:

మద్రాసు రాష్ట్రం నేరస్థ జాతుల చట్టాన్ని 1947లో రద్దు చేసింది. అనంతశయనం అయ్యంగార్ సంఘం నివేదిక తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ఆ రోజునే విముక్త జాతులు తమ విమోచన దినంగా జరుపుకుంటాయి. కానీ మద్రాసులో 1948లోనే అలవాటుపడ్డ నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలాంటి చట్టమే చేశారు. సిద్ధాంతరీత్యా మార్పు పెద్దదే. ఇక జాతి కాదు, వ్యక్తి. పుట్టుక కాదు, శిక్షలు. ఆచరణలో పాత పట్టికలు తయారుచేసిన పోలీసుస్టేషన్లే కొత్త పట్టికలూ తయారుచేశాయి.

ఇక్కడ ఒక మాట చరిత్ర చెప్పాలి. తెలుగులో మోసగాడిని, జులాయిని 'కేడీ' అంటాం. సినిమాల పేర్లకు కూడా ఎక్కిన ఈ మాట మద్రాసు పోలీసు పరిభాషలోని కె.డి. అన్న పొడి అక్షరాల నుంచి వచ్చింది. 'నోన్ డెప్రెడేటర్', అంటే ఎరిగిన దోపిడీదారు. ఎవరు ఎరిగిన? పోలీసులు ఎరిగిన. అక్కడ నేరం రుజువు కావలసిన పనిలేదు, ఎరిగి ఉండటం చాలు. ఎరుక అన్న మాటకు సొంతదారులైన సమూహం పోలీసుల ఎరుకలో ఇలా బందీ అయింది. 'స్టువర్టుపురం' అన్న ఊరి పేరు పత్రికల్లో, సినిమాల్లో దొంగకు మారుపేరు కావడం కూడా ఇదే రిజిస్టరు ప్రజల నోటిలోకి దిగిన తీరు. ఆ ఊరి నుంచి వచ్చిన అమ్మాయి కళాశాల దరఖాస్తులో ఊరి పేరు రాసేటప్పుడు దాన్ని మోయాలి.

ఇటీవలి చట్టాల్లోనూ ఈ జాడ పోలేదు. అలవాటుపడ్డ నేరస్థుల నుంచి మంచి నడవడికి జామీను కోరే 110వ సెక్షను, 2023 భారతీయ నాగరిక సురక్షా సంహితలో 129వ సెక్షనుగా కొనసాగుతోంది.

నిలకడను కొలిచే లెక్క:

ప్రపంచంలో మరోచోట ఇదే సమస్య ఇంకొక రూపంలో కనిపిస్తుంది. కెనడా ఫెడరల్ జైళ్ళలో ఖైదీని గరిష్ఠ, మధ్యమ, కనిష్ఠ భద్రతా స్థాయిల్లో దేనిలో ఉంచాలో నిర్ణయించడానికి మార్కులు వేసే ఒక పట్టిక ఉంది. 1980లలో పురుష ఖైదీల సమాచారం మీద దాన్ని తయారు చేశారు. తెగ పేరు అందులో ఎక్కడా లేదు. పాత శిక్షలు, నేర తీవ్రత, మొదటిసారి జైలుకు వచ్చిన వయసు ఉన్నాయి; వాటితోపాటు బయటి జీవితంలో 'నిలకడ' కూడా ఉంది. స్థిరమైన ఇల్లు, ఉద్యోగం, చదువు లేకపోతే ప్రమాదం మార్కులు పెరుగుతాయి. భూములు కోల్పోయి, తరతరాలుగా పిల్లలను రెసిడెన్షియల్ స్కూళ్ళకు పోగొట్టుకున్న ఆదివాసీ స్త్రీలకు ఈ నిలకడ ఎక్కడి నుంచి వస్తుంది? కెనడా స్త్రీలలో ఐదు శాతం లోపు ఉన్న ఆదివాసీలు 2022 నాటికి ఫెడరల్ స్త్రీ ఖైదీల్లో సగానికి చేరారు. వారిని ఎక్కువ భద్రతా స్థాయిల్లో ఎక్కువగా ఉంచుతున్నారని ఆ దేశపు ఆడిటర్ జనరల్ అదే ఏడాది తప్పుపట్టారు. ఆదివాసీల మీద ఈ తరహా ప్రమాద అంచనా సాధనాలు సరిగా పనిచేస్తాయని జైలు శాఖ నిర్ధారించుకోలేదని 2018లో ఈవర్ట్ కేసులో కెనడా సుప్రీంకోర్టు చెప్పింది.

కెనడా ఉదాహరణ మనకు ఎందుకు? మన నిబంధనల నుంచి తెగ పేరు తీసేస్తే పని పూర్తవుతుందనుకునేవారికి అది ఒక సమాధానం. సంచారాన్ని నేర లక్షణంగా చూసిన 1911 నాటి బుద్ధి, తెగ పేరు ఎత్తకుండానే 'నిలకడ లేమి' అన్న మాటలో దాగి ఉండగలదు. పల్నాడులో నేటికీ చెరకు, మిరప, ఇటుక బట్టీల పనులకు ఊరు మారే ఎరుకల, యానాది, సుగాలి, చెంచు కుటుంబాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వీరంతా షెడ్యూల్డు తెగలు. ఇలాంటి కుటుంబంలోని స్త్రీ అరెస్టయితే సొంత ఇంటి పత్రం, జామీనుదారు, స్థిర చిరునామా చూపలేదు. నేరం చిన్నదైనా ఆమె విచారణ ఖైదీగా ఉండిపోతుంది. స్త్రీలకు ప్రత్యేక కారాగారాలు కొద్దిచోట్లనే ఉన్నాయి. మాచర్ల దగ్గరి తండా నుంచి రాజమహేంద్రవరం స్త్రీల జైలుకు ములాఖతుకు వెళ్ళాలంటే రెండు రోజుల కూలి పోతుంది. ములాఖతుకు ఎవరూ రాని ఖైదీని కుటుంబ బంధం లేనిదిగా అధికారి భావిస్తే, దూరం కూడా ఆమె గుణదోషాల్లో చేరుతుంది.

2024 తీర్పు మూడు విషయాలు స్పష్టంగా చెప్పింది. జైలు నిబంధనల్లో అలవాటుపడ్డ నేరస్థుడు అన్న మాట రాష్ట్ర శాసనసభ చేసిన చట్టంలోని నిర్వచనాన్ని మాత్రమే అనుసరించాలి. మిగతా నిర్వచనాలు చెల్లవు. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలి. విముక్త జాతుల వారిని ఇష్టానుసారం అరెస్టు చేయకుండా పోలీసులు మార్గదర్శకాలు పాటించాలి. అలవాటుపడ్డ నేరస్థుల చట్టాల రాజ్యాంగబద్ధతను కోర్టు తేల్చలేదు. భవిష్యత్తులో వచ్చే సవాళ్ళకు వదిలింది. అంటే 1962 నాటి చట్టం వంటివి జైలు నిర్వచనానికి ఇప్పుడు ఏకైక ఆధారమయ్యాయి.

కులం గడి విషయంలో పరిశోధకుడికి ఒక ఇబ్బంది ఉంది. దేశంలోని ఖైదీల్లో స్త్రీలు సుమారు 4 శాతం. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వెలువరించే జైలు గణాంకాల్లో షెడ్యూల్డు కులాలు, తెగల లెక్క ఉంటుంది. విముక్త జాతులకు విడి గడి లేదు. జైలు అధికారి ముందున్న రిజిస్టరులో గడి ఉంటే దాన్ని చూసి పని పంచుతాడు, గది పంచుతాడు. కాబట్టి అక్కడ తీసివేయడం సరైనదే. గణాంకాల్లో లేకపోతే అన్యాయం ఎంత జరుగుతోందో చెప్పడానికి ఆధారం ఉండదు. లెక్క కోసం అడగడం వేరు, నిర్ణయం కోసం అడగడం వేరు. మొదటి ప్రశ్నను ఖైదీ పేరు లేకుండా, ఆమె స్వచ్ఛందంగా చెప్పిన మేరకు, జైలు గేటుతో సంబంధం లేని సంస్థ అడగవచ్చు.

తీర్పులోని మూడో ఆదేశం పోలీసులకు ఇచ్చినది. జైలు నిబంధనల కేసులో పోలీసుల ప్రస్తావన అసందర్భంగా తోచవచ్చు. కానీ ఎరుకల స్త్రీ తరగతి ఎప్పుడూ జైలులో మొదలు కాలేదు. గురజాలలోనో నరసరావుపేటలోనో ఒక స్టేషనులో, ఆమె పేరు ఎదుట కాక ఆమె తండ్రి పేరు ఎదుట, భర్త పేరు ఎదుట రాసిన వరుసలో మొదలైంది.